పేరు రాజుది, పెత్తనం సేనానిది: గుత్తి, పెనుకొండ సాక్షిగా అధికార మార్పిడిని చదివే పద్ధతి

అనంతపురం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరానికి పోతే గుత్తి, దక్షిణానికి పోతే పెనుకొండ. రెండూ కొండకోటలే. సాళువ వంశపు చివరి రాజు ఇమ్మడి నరసింహుడు పెనుకొండలో కాపలా మధ్య బతికి, 1505లో అక్కడే హత్యకు గురయ్యాడు. సదాశివరాయలు రాజు కాకముందు గుత్తికోటలో బందీ. సేనాని అళియ (అల్లుడు) రామరాయలు అతన్ని విడిపించి రాజుగా ప్రకటించాడు, 1543 నాటికి విజయనగర సింహాసనం మీద కూర్చోబెట్టాడు, పాలన మాత్రం తన చేతిలోనే పెట్టుకున్నాడు. సైన్యం చేతిలో ఉన్నవాడు రాజ్యాన్ని ఎలా పట్టుకుంటాడో తెలుసుకోవడానికి సీమవాళ్లకు ఇంతకంటే దగ్గరి పాఠం లేదు.

గ్రూప్స్‌కు చదివేవాళ్లు, డిగ్రీ చరిత్ర విద్యార్థులు, తమ ఊరి గుడిలోని శాసనంలో ఏముందో తేల్చుకోవాలనుకునేవాళ్లు ఈ పద్ధతిని వాడుకోవచ్చు. పెనుకొండ 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. పాత శాసన సంపుటాల్లో వెతికేటప్పుడు మాత్రం అనంతపురం జిల్లా కిందే చూడాలి.

ముందు రెండు తేదీలు వేరు చేయండి

విజయనగర సింహాసనం గురించి "మొదటి ఆక్రమణ 1485, రెండవ ఆక్రమణ 1505" అని రెండు ముక్కల్లో చదివి వదిలేస్తే అసలు సంగతి చేతికి రాదు. సేనాని అధికారంలోకి వచ్చిన ప్రతిచోటా పెత్తనం మారిన తేదీ ఒకటి, కిరీటం మారిన తేదీ మరొకటి ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన రాసి, మధ్య ఎన్నేళ్ల ఎడం ఉందో లెక్కగట్టండి. కథ ఆ ఎడంలోనే ఉంటుంది.

1485లో చంద్రగిరి అధిపతి సాళువ నరసింహుడు సంగమ వంశాన్ని తొలగించి తానే రాజయ్యాడు. ఇక్కడ ఎడం లేదు. 1491లో అతను చనిపోతూ ఇద్దరు కొడుకులను సేనాని తుళువ నరసానాయకుడికి అప్పగించాడు. పెద్దవాడు కొద్ది రోజులకే హతుడయ్యాడు. చిన్నవాడు ఇమ్మడి నరసింహుడి పేరున నరసానాయకుడు 1503లో తాను చనిపోయేదాకా రాజ్యం నడిపాడు. ఆ తర్వాత ఆయన కొడుకు వీరనరసింహుడు ఆ స్థానంలోకి వచ్చి, 1505లో ఇమ్మడి నరసింహుడు హతుడయ్యాక పట్టం కట్టుకున్నాడు. పెత్తనం 1491, కిరీటం 1505. ఎడం 14 ఏళ్లు. రామరాయల దగ్గర ఇది ఇంకా పెద్దది. పెత్తనం 1543లో అతని వంశమైన ఆరవీటి వారి చేతికి వచ్చింది. 1565లో రామరాయలు యుద్ధభూమిలో చనిపోయాక, తమ్ముడు తిరుమలరాయలు 1570 ప్రాంతంలో పెనుకొండలో పట్టాభిషేకం చేసుకున్నాడు. అంటే దాదాపు 27 ఏళ్లు.

ఎడం ఎందుకు పెరుగుతుందన్నదే ఆలోచించాల్సిన ప్రశ్న. రాజవంశం మీద నాయకులకు, పాళెగాళ్లకు, గుళ్ల స్థానాధిపతులకు గౌరవం మిగిలి ఉన్నంత కాలం, కిరీటం జోలికి పోవడం సేనానికి నష్టం. వీరనరసింహుడు 1505లో ఆ గీత దాటగానే రాజ్యమంతా తిరుగుబాట్లు లేచాయి. ఆదోని అధిపతి కాసప్ప ఒడెయ కూడా ఎదురు తిరిగాడు. అతన్ని అణచడానికి తోడ్పడినవాళ్లు ఆరవీటి వారే, అంటే రామరాయల పూర్వీకులు. ఆ అనుభవం ఇంట్లో ఉన్నవాడు కాబట్టే రామరాయలు కిరీటం ముట్టుకోలేదని అనుకోవడంలో తప్పు లేదు. అయితే అది మన ఊహ అని నోటు పుస్తకంలో పక్కన రాసుకోండి.

పేర్ల దగ్గరే ఎక్కువమంది పడిపోతారు

పని మొదలుపెట్టే ముందు ఒక అట్టముక్క మీద వంశాల వారీగా పేర్లు రాసి ఎదురుగా పెట్టుకోండి. సాళువ నరసింహుడు, అతని కొడుకు ఇమ్మడి నరసింహుడు, సేనాని తుళువ నరసానాయకుడు, అతని కొడుకు వీరనరసింహుడు. 25 ఏళ్ల లోపల నలుగురు "నరస"లు. శాసనంలో "నరసింగరాయ మహారాయలు" అని కనబడితే ఎవరో పేరును బట్టి తేల్చకండి, తేదీని బట్టి తేల్చండి. తిరుమలలు కూడా ఇద్దరున్నారు. అచ్యుతరాయల బావమరిది సలకరాజు తిరుమల ఒకడు, రామరాయల తమ్ముడు ఆరవీటి తిరుమల ఇంకొకడు. మొదటివాడు 1542లో అచ్యుతరాయలు చనిపోయాక, తన మేనల్లుడైన బాలరాజు వెంకటుణ్ని చంపించి గద్దె పట్టినవాడు. రెండోవాడు 1565 తర్వాత సదాశివుణ్ని పెనుకొండకు తరలించినవాడు. ఈ ఇద్దరినీ ఒకరిగా చదివితే రాసిన జవాబంతా తలకిందులవుతుంది.

శాసనంలో ఎక్కడ చూడాలి

దానశాసనానికి ఒక వరస ఉంటుంది. మొదట "స్వస్తిశ్రీ జయాభ్యుదయ శాలివాహన శకవర్షంబులు" అంటూ తేదీ. తర్వాత "శ్రీమన్మహారాజాధిరాజ రాజపరమేశ్వర వీరప్రతాప" అంటూ రాజు బిరుదులు, పేరు, "పృథ్వీరాజ్యం చేయుచుండగా". ఆపైన దానం ఇచ్చిన నాయకుడి పేరు, ఎవరి పుణ్యం కోసం ఇచ్చాడన్నది, ఏ భూమి, ఏ సుంకం. చివర "స్వదత్తా ద్విగుణం పుణ్యం" లాంటి శ్లోకం, దానాన్ని చెరిచినవాడికి శాపం.

కొత్తగా చదివేవాళ్లు రాజు పేరు దగ్గర ఆగిపోతారు. సేనాని పెత్తనం కనబడేది ఆ తర్వాతి భాగంలో. రూళ్ల పుస్తకంలో అడ్డంగా ఏడు గడులు గీయండి: ఊరు, తేదీ, రాజు పేరు బిరుదులు, రెండో పెద్ద పేరు బిరుదులు, ఎవరికి పుణ్యం, ఏమి ఇచ్చారు లేదా ఏమి మాఫీ చేశారు, ఎవరి నిరూపం (ఉత్తర్వు) మీద. ఒక్కో శాసనానికి ఒక్కో వరస. ఒక మార్పిడిని పట్టుకోవాలంటే దానికి పదేళ్లు ముందు నుంచి పదేళ్లు తర్వాత దాకా తీసుకుని, కనీసం 30 శాసనాలైనా నింపండి. రెండు మూడు శాసనాలతో తీర్పు చెబితే అది ఆ ఊరి నాయకుడి సంగతి అవుతుందే గానీ రాజ్యం సంగతి కాదు.

ఐదో గడి అన్నిటికంటే విలువైనది. దానం చేసినవాడు తన తల్లిదండ్రుల పుణ్యం కోసం ఇవ్వడం మామూలే. "నరసానాయనింగారికి పుణ్యముగాను" అనే ధోరణిలో రాజును వదిలి సేనానికి పుణ్యం పంచుతున్నాడంటే, తనకు అన్నం పెట్టేది ఎవరో ఆ నాయకుడికి తెలుసు. ఇలాంటివి ఏ సంవత్సరం నుంచి పెరిగాయో చూస్తే పెత్తనం కదలిక అంచెలంచెలుగా కనబడుతుంది. నాలుగో గడిలో బిరుదులు చూడండి. నరసానాయకుడు రాజు బిరుదులు పెట్టుకోలేదు. "రక్షాకర్త", "స్వామి" అనిపించుకున్నాడు. రాజును కాపాడేవాడు అనే మాటలోనే రాజు తన కాపలాలో ఉన్నాడన్న అర్థం కూడా ఇమిడి ఉంది.

ఆరు, ఏడు గడుల విలువ రామరాయల కాలంలో తెలుస్తుంది. సదాశివరాయల ఏలుబడిలో మంగళ్ల మీద పన్నులు ఎత్తేసిన శాసనాలు కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాలతో సహా చాలాచోట్ల ఉన్నాయి. బాదామికి చెందిన మంగలి కొండోజు తన పనితనంతో రామరాయలను మెప్పించాడు, దానికి ప్రతిఫలమే ఈ మాఫీ. మెప్పు పొందింది రామరాయలది, శాసనం సదాశివుడి పేరున. పన్ను ఎత్తేయడం ఎవరి మాట మీద జరిగిందో తెలిస్తే బొక్కసం ఎవరి చేతిలో ఉందో తెలిసినట్టే. యుద్ధాల వర్ణనలు పది పేజీలు చదివినా ఇంత గట్టి సాక్ష్యం దొరకదు.

రెండు తప్పులు తరచుగా జరుగుతాయి. ఒకటి, "మహామండలేశ్వర" అని కనబడగానే అతను స్వతంత్రించాడని రాయడం. ఆ బిరుదు పదుల కొద్దీ సామంతులకు ఉంది. రాజ్యం పట్టకముందు సాళువ నరసింహుడిది కూడా "మహామండలేశ్వర మేదినీమీసరగండ కఠారి సాళువ" బిరుదావళే. రెండోది, సదాశివుడికి చివరిదాకా పూర్తి బిరుదులు ఉన్నాయి కాబట్టి అధికారం కూడా ఉందనుకోవడం. బందీగా ఉన్న రాజుకు బిరుదులు తగ్గవు. ఆ బిరుదులు నిలిచి ఉంటేనే సేనాని ఆజ్ఞ చెల్లుతుంది.

తేదీని సరిచూడటం

ఇది నేర్చుకోకుండా పై పని ఏదీ నిలవదు. చైత్రం నుంచి డిసెంబరు వరకు శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. జనవరి నుంచి ఫాల్గుణం ముగిసేదాకా 79 కలపాలి. తరువాత సంవత్సరం పేరును పరీక్షించండి. శకవర్షానికి 12 కలిపి 60తో భాగించండి. శేషం ఎంతో, ప్రభవ మొదలుకొని అన్నో సంవత్సరం. శేషం సున్నా అయితే అక్షయ.

శక 1427 తీసుకోండి. 12 కలిపితే 1439, 60తో భాగిస్తే శేషం 59. ప్రభవ నుంచి 59వది క్రోధన. 78 కలిపితే 1505, వీరనరసింహుడు పట్టం కట్టుకున్న సంవత్సరం. ఇంకోటి: రామరాయలు చనిపోయిన యుద్ధం 1565 జనవరి 23న జరిగింది. జనవరి కాబట్టి 79 తీసేయాలి, శక 1486. 12 కలిపి భాగిస్తే శేషం 58, రక్తాక్షి. ఇక్కడ 78 తీసేసి 1487 అనుకుంటే క్రోధన వస్తుంది, ఏడాది తప్పిపోతుంది.

శాసనంలో సంవత్సరం పేరు మీ లెక్కకు ఒకటి అటూ ఇటూ ఉంటే కంగారు పడకండి. శకవర్షం గతమా (గడిచిన ఏళ్ల లెక్క), వర్తమానమా (నడుస్తున్న ఏడు) అన్న తేడా కావచ్చు. అప్పుడు సంవత్సరం పేరును, వారం తిథిని నమ్మండి. జనం నోట నలిగేది సంవత్సరం పేరే, శకవర్షం అంకెలో లేఖకుడు పొరబడటానికి ఎక్కువ అవకాశం. రెండు మూడేళ్ల తేడా వస్తే అంకెను తప్పుగా చదివారేమో చూడండి. అరిగిన రాయి మీద ౨, ౩ ఒకటిగానూ, ౬, ౭ ఒకటిగానూ కనబడతాయి. మాటల్లో రాసిన శకవర్షమైతే కుడి నుంచి ఎడమకు చదవాలి: గగనం 0, చంద్రుడు 1, నేత్రం 2, గుణం 3, వేదం 4, బాణం 5, రసం 6.

గుర్రాలు, జీతాలు

శాసనాలు పెత్తనం మారిందని చెబుతాయి. ఎందుకు మారగలిగిందో తెలియాలంటే సైన్యానికి ఎవరు పెట్టారో వెతకాలి. సాళువ నరసింహుడు హొర్ముజు, ఏడెన్ నుంచి గుర్రాలు తెప్పించేవాడు. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసినదాని ప్రకారం వెయ్యి పర్దావులకు (బంగారు నాణేలకు) మూడు గుర్రాల లెక్కన, చచ్చినవాటికీ బతికినవాటికీ ఒకే ధర చెల్లించేవాడు. సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపితే చాలు. విజయనగరం పడమటి రేవులు బహమనీలకు పోయిన రోజుల్లో ఆ ధర పెట్టగలిగినవాడి వెంటే రౌతులు నడిచారు. అందుకే సాళువ నరసింహుడి తరఫున నరసానాయకుడు బలగంతో నగరంలోకి వచ్చినప్పుడు ద్వారాల దగ్గర అడ్డుకున్నవాళ్లు లేరని, సంగమ రాజు తోట వైపు తలుపు గుండా పారిపోయాడని అదే నూనిజ్ చెబుతాడు.

హైదర్ అలీ దగ్గర ఇది మరీ స్పష్టం. మైసూరు సైన్యానికి జీతాలు బాకీ పడి, సైనికులు దళవాయి (సేనాపతి) నంజరాజు వాకిట్లో కూర్చున్నప్పుడు బాకీ తీర్చి పంపింది హైదర్. ఆ పని చేసిన సేనానిని తర్వాత దించడం కష్టం. 1760లో అతని సొంత దివాను ఖండేరావే రాజు పక్షం చేరి అతన్ని శ్రీరంగపట్నం నుంచి తరిమినా, 1761లో హైదర్ తిరిగి పట్టు సాధించాడు. 1776లో గుత్తిని మరాఠా సర్దారు మురారిరావు నుంచి గుంజుకుని, 1779లో సిద్ధవటం దగ్గర కడప నవాబును లొంగదీసుకున్నది ఆ హైదరే. అప్పుడు కూడా మైసూరులో ఒడెయార్లే రాజులు, దసరాకు జనానికి చూపించేవారు. సదాశివరాయలను ఏడాదికొకసారి బయటికి చూపించారన్న విదేశీ కథనాలను దీని పక్కన పెట్టి చదవండి. హైదర్ బంగారు వరహా తిప్పి చూడండి: ఒకవైపు శివపార్వతులు, వెనకవైపు హైదర్ పేరులోని మొదటి పారశీక అక్షరం. ముందువైపు పాత రాజ్యపు దేవుళ్లు, వెనకవైపు కొత్త యజమాని.

ఎవరి మాట ఎంత నమ్మాలి

నూనిజ్ రాసింది 1535 తర్వాత. 1485 నాటి సంగతులు ఆయన విన్నవే, చూసినవి కావు. పైగా పేర్లు గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. చరిత్రకారుడు ఫెరిష్తా బీజాపూర్ ఆస్థానంలో 17వ శతాబ్దం మొదట్లో రాశాడు. సలకరాజు తిరుమల ఓడిపోతూ ఏనుగుల కళ్లు పొడిపించి, గుర్రాల తోకలు కోయించి, రత్నాలు పిండి చేయించాడన్న వర్ణన ఆయనదే. ఇది వాడుకోవచ్చు, కానీ "ఫెరిష్తా ప్రకారం" అన్న మాట తప్పనిసరి. ఇటలీ వర్తకుడు ఫెదరీచి 1567లో విజయనగరంలో ఏడు నెలలున్నాడు కాబట్టి సదాశివుడి చివరి రోజులకు ఆయన మాట దగ్గరి సాక్ష్యం. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ మనుషులు కరణాల దగ్గర రాయించిన కైఫియత్తులు (ఊరి చరిత్రలు) 19వ శతాబ్దం తొలి ఏళ్లవి. కడప జిల్లావి కడపలోని బ్రౌన్ పరిశోధన కేంద్రం అచ్చువేసింది. ఊరి గుళ్లు, చెరువులు, పాళెగాళ్ల సంగతులకు అవి బంగారం. రాజుల తేదీలకు మాత్రం శాసనాన్నే పట్టుకోండి.

ఈ కాలానికి వాడటం

పరీక్షలో పాకిస్తాన్ గురించి అడిగినా ఇదే పద్ధతి. 1958 అక్టోబరు 7న అధ్యక్షుడు ఇస్కందర్ మీర్జా పేరున సైనిక శాసనం, అక్టోబరు 27న మీర్జా బయటికి, అయూబ్ ఖాన్ లోపలికి. ఎడం 20 రోజులు. జియా 1977 జూలై 5న ప్రభుత్వాన్ని కూల్చి 90 రోజుల్లో ఎన్నికలన్నాడు, అధ్యక్షుడయ్యింది 1978 సెప్టెంబరులో. ముషారఫ్ 1999 అక్టోబరు 12న ప్రభుత్వాన్ని కూల్చి, "చీఫ్ ఎగ్జిక్యూటివ్" అనిపించుకుని, 2001 జూన్ వరకు పాత అధ్యక్షుడు తరార్‌నే ఉంచాడు. ఈజిప్టులో సీసీ 2013 జూలై 3 తర్వాత న్యాయమూర్తి అద్లీ మన్సూర్‌ను ముందు పెట్టి, 2014లో తాను అధ్యక్షుడయ్యాడు. "రక్షాకర్త" అన్న మాటకు ఇవన్నీ కొత్త రూపాలు. పాకిస్తాన్ సుప్రీంకోర్టు "అవసర సిద్ధాంతం" (అవసరం కొద్దీ చట్టవిరుద్ధమైన పనీ చెల్లుతుందనే వాదం) పేరుతో ఇచ్చిన ఆమోదం, పాత శాసనంలో రాజు పేరు చేసిన పనే చేసింది.

భారతదేశంలో ఎందుకు జరగలేదని అడిగితే, సైనికుల దేశభక్తి ఒక్కటే రాసి ఊరుకోవద్దు. 1947లోనే మూడు బలగాలకు ముగ్గురు అధిపతులను విడివిడిగా పెట్టారు, 1955లో కమాండర్ ఇన్ చీఫ్ అన్న పదవినే తీసేసి వాళ్లను చీఫ్ ఆఫ్ స్టాఫ్‌లుగా మార్చారు. రాజ్యాంగం 53వ అధికరణం సర్వసైన్యాధిపత్యాన్ని రాష్ట్రపతికి ఇచ్చింది. దానికి నిధులిచ్చేది పార్లమెంటు. పెత్తనం, బొక్కసం, గుర్రాలు ఒకే చేతిలో పడకుండా చేసిన ఏర్పాటు అది.

కొండెక్కేటప్పుడు

అచ్చయిన పాఠాలు చదివాకే కోటకు పోండి. దక్షిణ భారత శాసనాల 16వ సంపుటం విజయనగర కాలపు తెలుగు శాసనాలకే కేటాయించినది. మడకశిర, రాయదుర్గం వైపు శాసనాలు చాలావరకు కన్నడంలో ఉంటాయి కాబట్టి వాటికి 9వ సంపుటం కూడా చూడాలి. ప్రతి శాసనం పక్కన శాసన శాఖ వార్షిక నివేదిక నంబరు, సంవత్సరం ఉంటాయి. దాన్ని మీ పట్టికలో రాసుకుంటే ఒకే శాసనాన్ని రెండుసార్లు లెక్కపెట్టే పొరపాటు జరగదు.

గుత్తికి, పెనుకొండకు అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపల, పొద్దున ఆరింటికల్లా కింది ద్వారం దగ్గర ఉండేలా బయలుదేరండి. పైన నీళ్లు దొరకవు, మనిషికి రెండు లీటర్లు మోసుకుపోవాలి. శాసనం ఫొటో ఎదురుగా వెలుతురు పెట్టి తీస్తే అక్షరం కనబడదు. టార్చిని రాతికి దాదాపు ఆనించినంత ఏటవాలుగా పక్కనుంచి పట్టుకుని, ఎడమ, కుడి, పై వైపుల నుంచి ఒక్కొక్క ఫొటో తీయండి. కొలత తెలియడానికి పక్కన స్కేలు పెట్టండి. సుద్దపొడి, పిండి, నూనె రాయకండి. గుడివాళ్లు ఎనామిల్ రంగు నింపిన అక్షరాలు నమ్మకండి, రంగు వేసినవాడు తనకు తోచిన గీత గీసి ఉంటాడు. కాగితం మీద అచ్చు తీయాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి.

పెనుకొండ గగన్‌మహల్ దగ్గర ఎవరైనా "ఇమ్మడి నరసింహుణ్ని ఈ గదిలోనే ఉంచారు" అంటే వినండి, పట్టికలో మాత్రం ఎక్కించకండి. ఏ గది అన్నదానికి శాసనం లేదు. కోట, సంవత్సరం, కాపలా పెట్టినవాడి పేరు, ఈ మూడింటికే ఆధారం ఉంది. గుత్తిలో సదాశివుడి విషయంలోనూ అంతే.